ఎకనామిక్స్ చదువుతానంటున్నాడు, సరే... లెక్కలు చేస్తాడా?

ప్రశ్న: మేం నెల్లూరు నుంచి వచ్చి చెన్నై వేళచ్చేరిలో స్థిరపడ్డాం. మా అబ్బాయి ప్లస్ వన్, మ్యాథ్స్ గ్రూపు. జేఈఈ కోచింగ్ నడుస్తుండగా హయెక్, ఫ్రీడ్‌మన్ అంటూ, మార్కెట్‌కు స్వేచ్ఛ ఉండాలనే ఆర్థికవేత్తల వీడియోలు చూడటం మొదలుపెట్టాడు. ఇప్పుడు ఇంజనీరింగ్ వద్దు, ఎకనామిక్సే చదువుతానంటున్నాడు. రేషన్ బియ్యం, ఉచిత బస్సు అన్నీ దండగని వాళ్ల తాతయ్యతో రోజూ గొడవ. ఎన్టీఆర్ రెండు రూపాయల బియ్యం ఇచ్చినప్పుడు ఊళ్లో ఏం మారిందో ఆయన చెప్పబోతే వీడు వినడు. ఇది కెరీర్ అవుతుందా, లేక ఈ వయసు మోజేనా? – ఒక తల్లి, చెన్నై

జవాబు: అమ్మా, మీ అబ్బాయి అభిప్రాయాల గురించి టెన్షన్ పడకండి. పదహారేళ్లకు ఏదో ఒక పక్షాన్ని గట్టిగా పట్టుకోవడం మామూలే. ఏ పక్షమూ పట్టని పిల్లల గురించే నాకు కాస్త అనుమానం. తేల్చుకోవాల్సింది ఒక్కటే: అతనికి నచ్చింది ఈ శాస్త్రమా, తాతయ్య మీద గెలవడమా?

దీన్ని అతను అభిమానించే పెద్దలతోనే పరీక్షించవచ్చు. హయెక్ 1944లో రాసిన 'ది రోడ్ టు సెర్ఫ్‌డమ్' అంతా ప్రభుత్వ ప్రణాళికల మీద దాడే. కానీ అదే పుస్తకంలో, కాస్త సంపన్నమైన సమాజం అందరికీ కనీస తిండి, గుడ్డ, గూడు హామీ ఇవ్వడంలో తప్పు లేదని, జబ్బులకూ ప్రమాదాలకూ బీమా ఏర్పాటులో ప్రభుత్వం సాయపడవచ్చని కూడా రాశాడు. ఆయన భయపడింది ఎవరికి ఎంత ఆదాయం ఉండాలో ప్రభుత్వమే నిర్ణయించడం గురించి. ఆ మాటకొస్తే ఆ శిబిరంలోనే తగాదాలు తక్కువేం కావు. 1947లో స్విట్జర్లాండ్‌లో వాళ్లంతా మొదటిసారి కూడినప్పుడు, ఆదాయ పంపిణీ మీద చర్చ జరుగుతుంటే మీసెస్ అనే పెద్దాయన 'మీరంతా సోషలిస్టులే' అని లేచి వెళ్లిపోయాడని ఫ్రీడ్‌మనే తర్వాత చెప్పుకున్నాడు. మీ అబ్బాయి చూసే వీడియోల్లో ఇది ఉందో లేదో అడగండి.

ఇక ఫ్రీడ్‌మన్. పేదలకు సాయం వద్దని ఆయన అనలేదు, నేరుగా డబ్బే ఇమ్మన్నాడు. 1962లో 'నెగటివ్ ఇన్‌కమ్ టాక్స్' అని ఒక పద్ధతి ప్రతిపాదించాడు. మన అంకెలతో చూద్దాం. ఏడాదికి లక్ష రూపాయలు గీత అనుకోండి. ఆదాయం దానికి ఎంత తగ్గితే ఆ తేడాలో సగం ప్రభుత్వం ఇస్తుంది. ఏమీ సంపాదన లేని కుటుంబానికి 50 వేలు వస్తాయి. 40 వేలు సంపాదించే కుటుంబానికి 30 వేలు కలిసి చేతిలో 70 వేలు ఉంటాయి. వాళ్ల సంపాదన 60 వేలకు పెరిగితే ప్రభుత్వం ఇచ్చేది 20 వేలకు తగ్గుతుంది, అయినా చేతిలో 80 వేలు. పని పెంచుకున్నవాడు ఎప్పుడూ నష్టపోడు. గీత దాటగానే కార్డు రద్దయ్యే పథకంలో అలా కాదు. వెయ్యి ఎక్కువ సంపాదించి పది వేల సాయం పోగొట్టుకోవచ్చు.

ఈ లెక్క మీ అబ్బాయి చేత కాగితం మీద చేయించండి. సగానికి బదులు ముప్పావు ఇస్తే ఏమవుతుంది? గీత రెండు లక్షలైతే ఖర్చెంత? జీతం చీటీ లేని ఆటో డ్రైవరుకు, పూలమ్మే ఆవిడకు ఆదాయమెంతో ఎవరు తేలుస్తారు, ఎలా? ఈ ప్రశ్నలతో ఒక ఆదివారం గడిపి ఇంకా కావాలంటే ఎకనామిక్స్‌కు పంపండి. పావుగంటలో విసుగొచ్చి మళ్లీ వీడియోలు పెట్టుకుంటే అతనికి కావాల్సింది లా కావచ్చు, జర్నలిజం కావచ్చు. అవీ మంచి దారులే.

ఈ రంగంలో వాదనలు ఎక్కడికి చేరతాయో మన దగ్గరి ఉదాహరణే చెబుతాను. పిల్లల తల్లిదండ్రులకు వోచర్లు, అంటే ప్రభుత్వమే ఫీజు భరించే చీటీలు ఇచ్చి, నచ్చిన బడిని ఎంచుకోనివ్వాలని ఫ్రీడ్‌మన్ 1955లోనే రాశాడు. దీన్ని ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో నిజంగానే పరీక్షించారు. లాటరీ తీసి కొందరు సర్కారు బడి పిల్లలకు ప్రైవేటు బడికి వోచర్లు ఇచ్చారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఆ ఫలితాలను 2015లో ప్రచురించారు. నాలుగేళ్ల తర్వాత కూడా తెలుగులో, లెక్కల్లో వోచర్ వచ్చినవాళ్లకూ రానివాళ్లకూ తేడా లేదు. హిందీలో మాత్రం వోచర్ పిల్లలు ముందున్నారు. అయితే ప్రైవేటు బడిలో ఒక్కో పిల్లవాడి మీద అయ్యే ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతు లోపే. ఇప్పుడు మార్కెట్ గెలిచిందా, ఓడిందా? మీ అబ్బాయి ఒక మాట అంటాడు, తాతయ్య ఇంకో మాట అంటారు. ఇద్దరి దగ్గరా ఆధారం ఉంటుంది. చదువంటే ఈ స్థితికి రావడమే.

అందుకే తాతయ్యతో వాదన మాని, ఆయన్ను ఇంటర్వ్యూ చేయమనండి. 1983లో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చినప్పుడు కార్డు ఎవరికి అందింది, ఎవరికి అందలేదు, డీలరు తూకం ఎలా ఉండేది, బియ్యం మీద మిగిలిన డబ్బు దేనికి పోయింది. తర్వాత రేషన్ షాపు దగ్గర నిలబడి ఇంకో ప్రశ్న: 1997లో కేంద్రం పేదలను వేరుచేసి రేషన్ ఇవ్వడం మొదలుపెట్టినా, తమిళనాడు అందరికీ ఇచ్చే పద్ధతినే ఎందుకు ఉంచుకుంది? అందరికీ ఇస్తే లేనిపోని ఖర్చు. ఏరి ఇస్తే అర్హులు కొందరు జారిపోతారు. ఏ తప్పు ఖరీదెక్కువో లెక్కగట్టడం ఉద్యోగమే. చెన్నైలోనే జే-పాల్ లాంటి సంస్థలు ఇలాంటి పరిశీలనలు చేస్తాయి. ఊళ్లు తిరిగి సర్వేలు నడిపే పనికి తెలుగు చదవడం, రాయడం వచ్చినవాళ్ల అవసరం ఉంటుంది. చెన్నైలో పెరిగే మన పిల్లలు వదిలేస్తున్నది సరిగ్గా అదే. నేర్పించండి.

కాలేజీల సంగతి. బీఏతో ఆగిపోతే ఉద్యోగాలు సాదాసీదాగానే ఉంటాయి, దాచి లాభం లేదు. ఎంఏ దాకా వెళ్లాలి. ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ రాయాలన్నా పీజీ తప్పనిసరి. రిజర్వు బ్యాంకు పరిశోధన విభాగానికీ అంతే. బ్యాంకులు, రేటింగ్ సంస్థలు, డేటా కంపెనీలు జీతం బాగా ఇస్తాయి. పాలసీ పరిశోధన సంస్థల్లో పని సంతృప్తిగా ఉంటుంది, జీతం అంతగా ఉండదు. మీ ఊళ్లోనే గాంధీ మండపం రోడ్డులో, రాజా చెల్లయ్య 1993లో నెలకొల్పిన మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఉంది. డిగ్రీకి లయోలా, తాంబరంలోని క్రిస్టియన్ కాలేజీ ఉన్నాయి. రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి బెంగళూరు, అక్కడ అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీ, అంబేడ్కర్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్.

'మార్కెట్ పక్షం వాళ్లకు మన దగ్గర చోటుంటుందా' అన్న బెంగ కూడా వద్దు. 2021లో తమిళనాడు ప్రభుత్వం వేసిన ఆర్థిక సలహా మండలిలో మార్కెట్ వైపు మొగ్గే రఘురామ్ రాజన్, అరవింద్ సుబ్రమణియన్‌తో పాటు ఉపాధి హామీ, ఆహార హక్కుల కోసం పోరాడిన జాన్ డ్రేజ్ కూడా ఉన్నారు. అసలు 1959లో మద్రాసులో రాజాజీతో కలిసి, మార్కెట్‌కు స్వేచ్ఛ కోరిన స్వతంత్ర పార్టీ పెట్టి దానికి తొలి అధ్యక్షుడైన ఎన్.జి. రంగా మన నిడుబ్రోలు మనిషే, ఒకప్పుడు పచ్చయప్ప కాలేజీలో ఎకనామిక్స్ పాఠాలు చెప్పినవారే. సహకార వ్యవసాయం వద్దని నెహ్రూను ఎదిరించిన ఆయనే, అంతకుముందు జమీందారీ రద్దు కోసం రైతులను కూడగట్టారు.

కోచింగ్ ఇప్పుడే మాన్పించకండి. అక్కడి మ్యాథ్స్ ఎకనామిక్స్‌లో ఒక్క రోజు కూడా వృథా కాదు. డిగ్రీలో క్యాలిక్యులస్, స్టాటిస్టిక్స్, ఆ తర్వాత ఎకనామెట్రిక్స్ (ఆర్థిక డేటాను స్టాటిస్టిక్స్‌తో పరీక్షించే సబ్జెక్టు) వస్తాయి. ప్లస్ టూలో ఎకనామిక్స్ సబ్జెక్టు లేదని దిగులొద్దు, చాలా చోట్ల దాన్ని అడగరు. కానీ వచ్చే ఏడాది సీయూఈటీ (కేంద్ర యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష) ఫారం నింపేటప్పుడు మ్యాథ్స్ పేపరు పెట్టాడో లేదో మీరే ఒకసారి చూడండి. అది లేకపోతే ఢిల్లీ యూనివర్సిటీ ఎకనామిక్స్ ఆనర్స్ తలుపు అక్కడే మూసుకుపోతుంది.