స్టీమ్ రూమ్‌లో తీసిన ఫొటో గ్రూపులోకి వస్తే

అన్నా, గచ్చిబౌలి జిమ్ స్టీమ్ రూమ్‌లో బట్టల్లేకుండా ఉన్నప్పటి మీ ఫొటో వాట్సాప్ గ్రూపులో పెట్టారన్నారు కదా. కోపం న్యాయమే, కానీ వెంటనే డిలీట్ చేయించకండి, గ్రూపులోంచి బయటికి రాకండి. పంపినవాడి నంబరు, తేదీ, టైము కనబడేలా ఇంకో ఫోన్‌తో స్క్రీన్‌ను వీడియో తీయండి. కారిడార్ సీసీ ఫుటేజీ మీద కొత్త రికార్డింగ్ పడి పాతది పోతుంది. భద్రపరచమని మేనేజర్‌కి ఈరోజే మెయిల్ పెట్టండి.

చాటుగా చూడడం, ఫొటో తీయడం మీద ఉన్న భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) సెక్షన్ 77 మహిళా బాధితులకే. మీకు పనికొచ్చేది, ఒప్పుకోలు లేకుండా మర్మాంగాల ఫొటో తీయడం, పంపడం మీద ఉన్న ఐటీ చట్టం సెక్షన్ 66ఇ: లోదుస్తుల్లో ఉన్నా వర్తిస్తుంది, గరిష్ఠంగా 3 ఏళ్ల జైలు, 2 లక్షల జరిమానా, లేదా రెండూ. ‘అందరి ముందూ విప్పాడుగా’ అంటారు, తగ్గకండి. ఆవిరి పట్టడానికి రావడం ఫొటోకి ఒప్పుకోవడం కాదు.

జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు ఇచ్చి, ఒప్పుకోలు లేని నగ్న ఫొటోలు వ్యాపించకుండా ఆపే స్టాప్‌ఎన్‌సీఐఐ సైట్‌లో ఆ ఫొటోకి హ్యాష్ (వేలిముద్ర లాంటి డిజిటల్ కోడ్) చేయించండి. ఫొటో మీ ఫోన్ దాటదు, ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ దాన్ని గుర్తుపట్టి ఆపగలవు.