తక్కువ తిరిగిన కారుకూ ఆయిల్ మార్చాలా?

14 నెలల్లో బండి 3,500 కిలోమీటర్లే తిరిగింది, అప్పుడే ఆయిల్ ఎందుకు అని అడిగారు కదా. మార్చాలండి, ఈ వారంలోనే. మన పెట్రోల్ కార్లలో చాలావాటికి మాన్యువల్‌లో 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది అని ఉంటుంది.

ఆఫీసు నాలుగు కిలోమీటర్లే అన్నారు. అసలు ఇబ్బంది అదే. అంత కొద్ది దూరానికి ఆయిల్ బాగా వేడెక్కదు. లోపల చేరిన తేమ, కాలకుండా జారిన పెట్రోలు ఆవిరి కాకుండా అందులోనే ఉండిపోతాయి. మా నాన్నగారి కారు కూరగాయల మార్కెట్‌కి తప్ప ఎక్కడికీ వెళ్లేది కాదు, రెండేళ్లు ఆయిల్ ముట్టుకోలేదు. మూత తీస్తే అడుగంటిన చింతపండు పులుసులా నల్లటి ముద్ద! చివరికి ఇంజిన్ విప్పాల్సి వచ్చింది.

బండిని చదునైన చోట ఆపి, పది నిమిషాలయ్యాక డిప్‌స్టిక్ (ఇంజిన్‌లో ఆయిల్ ఎంతుందో చూపే గీతల కడ్డీ) తీసి తుడిచి, మళ్లీ పెట్టి తీసి చూడండి. ఆయిల్ కింది గీతకు దిగువన ఉంటే ముందు ఆయిల్ పోసి, ఆ తర్వాతే షెడ్డుకి తీసుకెళ్లండి. ఆయిల్ గ్రేడ్ (ఎంత చిక్కటిదో చెప్పే రకం) మాత్రం మాన్యువల్‌లో ఉన్నదే. ఫిల్టరూ, పాత ఆయిల్ దించే డ్రెయిన్ బోల్ట్ వాషరూ కొత్తవి వేయించండి, దగ్గరుండి చూసుకోండి. ఇకపై ఆదివారం ఓ అరగంట హైవే మీద తిప్పండి, చాలా తేడా ఉంటుంది.