సీసా నల్లబడింది, రిపోర్ట్‌లో ఈ కోలై లేదు!

ప్రశ్న: పంచాయతీ వాళ్ళిచ్చిన కిట్‌లోని చిన్న సీసాలో మా బోరు నీళ్ళు గీత దాకా పోసి పెడితే తెల్లారేసరికి సిరాలా నల్లగా అయిపోయాయండీ. భయపడి మా తమ్ముడితో టౌన్‌లో ల్యాబ్‌కి పంపిస్తే కోలిఫాం 100 ఎంఎల్‌కి 23, ఈ కోలై లేదు అని ఇచ్చారు. దేన్ని నమ్మాలి? ఇంట్లో ఏడాదిన్నర పాప ఉంది.
– ఓ పాఠకురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: ముందు నీళ్ళు బాగా తెర్లేదాకా కాచి చల్లార్చి పాపకి పట్టండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

రెండూ కరెక్టే అయ్యుండొచ్చమ్మా, ఎందుకంటే ఆ రెండు టెస్టులూ చూసేది ఒకదాన్ని కాదు. ల్యాబ్ వెతికేది కోలిఫాంని, అంటే పేగుల్లోనూ మట్టిలోనూ ఉండే ఒక బాక్టీరియా గుంపుని; అందులో మలం కలిసిందని చెప్పే రకమే ఈ కోలై. మీ సీసాలోది హైడ్రోజన్ సల్ఫైడ్ టెస్టు, 1982లో గ్వాలియర్ డిఫెన్స్ ల్యాబ్ సైంటిస్టులు పల్లెటూళ్ళలో ఇంక్యుబేటర్ (బాక్టీరియాని వెచ్చగా పెంచే పెట్టె) లేకుండా చేసుకునేలా తయారుచేశారు. లోపల కాగితం ముక్కకి బాక్టీరియాకి కావాల్సిన మేత, థయోసల్ఫేట్ అనే గంధకం ఉన్న ఉప్పు, ఐరన్ ఉప్పు పట్టించి ఉంటాయి. పేగుల్లో ఉండే కొన్ని రకాల బాక్టీరియా ఆ థయోసల్ఫేట్‌ని తిని కుళ్ళిన గుడ్డు వాసనొచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాస్ వదుల్తాయి, అది ఐరన్‌తో కలిసి నలుపవుతుంది. తమాషా ఏంటంటే మామూలుగా ఈ కోలై ఆ గ్యాస్ వదలదు! సీసాని నల్లగా చేసేది సాల్మొనెల్లా, సిట్రోబాక్టర్, క్లాస్ట్రీడియం లాంటివి. వీటిలో కొన్ని మట్టిలోనూ బతుకుతాయి, పైగా బోరు నీళ్ళలో ముందే సల్ఫైడ్ ఉంటే ఏ బాక్టీరియా లేకపోయినా నల్లబడొచ్చు. బోరు మోటారు వేసిన వెంటనే వచ్చే నీళ్ళు ఒకసారి వాసన చూడండి, గుడ్డు కంపు కొడితే ఆ సీసా నలుపుని బట్టి ఏమీ తేల్చలేం.

ఇక ల్యాబ్ సంగతి. ఆ 23 అనేది ఎవరూ లెక్కపెట్టింది కాదు, అంచనా. మామూలుగా ఊదారంగు మాకాంకీ బ్రాత్ (బాక్టీరియా పెరగడానికి పోసే ద్రవం) ఉన్న ట్యూబులు పదిహేను పెడతారు, అయిదింటిలో 10 ఎంఎల్, అయిదింటిలో 1, అయిదింటిలో 0.1 ఎంఎల్ నీళ్ళు. లోపల బోర్లించిన బుల్లి గొట్టం ఒకటి ఉంటుంది, దాన్ని డర్హమ్ ట్యూబ్ అంటారు. బాక్టీరియా పెరిగితే ఊదా కాస్తా పసుపైపోయి ఆ గొట్టం నెత్తిన గాలిబుడగ నిలబడుతుంది. 10 ఎంఎల్ పోసిన ట్యూబులు అయిదూ బుడగ కట్టి మిగతా పదీ కట్టకపోతే, ఈ అంచనాకి ల్యాబ్ వాళ్ళు చూసే టేబుల్‌లో వచ్చే నంబరే 23, మీదీ అదే అయ్యుంటుంది. తర్వాత బుడగ కట్టినవాటి నుంచి కొంచెం తీసి 44 డిగ్రీల వేడిలో ట్రిప్టోన్ నీళ్ళలో పెంచి కోవాక్స్ రీఏజెంట్ అనే పరీక్ష మందు రెండు చుక్కలు వేస్తారు, పైన కుంకుమరంగు రింగు వచ్చి, ఆ వేడిలోనే గ్యాస్ కూడా కడితే ఈ కోలై. మీకు రాలేదన్నమాట. అయినా 23 చిన్న విషయం కాదు, తాగే నీళ్ళలో 100 ఎంఎల్‌కి ఒక్క కోలిఫాం కూడా కనిపించకూడదనే మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 చెప్తుంది.

నాకు అనుమానమంతా మీ తమ్ముడు పట్టుకెళ్ళిన సీసా మీద. నేను ల్యాబ్‌లో ఉన్నప్పుడు కూల్‌డ్రింక్ బాటిల్లో, అది కూడా ముందురోజు పట్టిన నీళ్ళు తెచ్చి రిపోర్ట్ అడిగేవాళ్ళు, కాదంటే కోపం! నీళ్ళలో బ్లీచింగ్ ఉంటే దారి పొడుగునా అది బాక్టీరియాని చంపుతూనే ఉంటుంది, ల్యాబ్‌కి చేరేసరికి ఏమీ మిగలదు. అందుకే ల్యాబ్ వాళ్ళ స్టెరైల్ బాటిల్లో సోడియం థయోసల్ఫేట్ వేసి ఇస్తారు, బ్లీచింగ్‌లోని క్లోరిన్ పని అక్కడితో ఆగిపోతుంది, ఆ బాటిల్ని కడగొద్దు. ఇనుప కుళాయైతే మూతిని మంటతో కాల్చి, రెండు మూడు నిమిషాలు నీళ్ళు వదిలేసి, మూత లోపల వేలు తగలకుండా, పైన కాస్త ఖాళీ ఉంచి పట్టండి, ఐస్‌లో పెట్టి అదేరోజు చేర్చండి. ఈసారి బోరు దగ్గర ఒకటి, ఇంటి ట్యాంకు కుళాయి దగ్గర ఒకటి విడివిడిగా పంపండి, చాలాసార్లు బోరు శుభ్రంగానే ఉంటుంది, పాచిపట్టిన ట్యాంకే దొంగ.

ప్రశ్న: మా వీధి ప్లాంటు అతను మీటర్ ముంచి టీడీఎస్ 90, బాక్టీరియా లేనట్టే అంటున్నాడు. నిజమేనా?
– ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఆ మీటర్ చూసేది నీళ్ళలో కరిగిన లవణాల్ని. చుక్క మురుగు కలిసినా దాని నంబరు పెద్దగా కదలదు. ట్యూబు టెస్టో, పొర మీద వడకట్టి చేసే మెంబ్రేన్ టెస్టో ఆఖరిసారి ఎప్పుడు చేయించావు, కాగితం చూపించు అని అడగండి.