ఇన్‌బౌండ్ రూల్‌లో లోకల్ అంటే ఎవరి అడ్రస్?

మీ డెస్క్‌టాప్ అడ్రస్ 192.168.1.20, ల్యాప్‌టాప్‌ది 192.168.1.35. ఆ ల్యాప్‌టాప్ ఒక్కదానికే డెస్క్‌టాప్‌లోని రిమోట్ డెస్క్‌టాప్ (ఒక కంప్యూటర్‌ను ఇంకోదాని నుంచి వాడుకునే సౌకర్యం) తెరుచుకోవాలన్నది మీ కోరిక. కనెక్షన్ అక్కడ మొదలవుతుంది కదా అని డెస్క్‌టాప్‌లోని విండోస్ ఫైర్‌వాల్ ఇన్‌బౌండ్ రూల్‌లో (బయటి నుంచి వచ్చే కనెక్షన్ల నియమం) లోకల్ అడ్రస్‌గా 35నీ, రిమోట్‌గా 20నీ, రిమోట్ పోర్టుగా రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389నీ ఇచ్చారు. మూడూ తారుమారయ్యాయి.

విండోస్ ఫైర్‌వాల్‌లో లోకల్ అంటే ఎప్పుడూ ఆ రూల్ ఉన్న కంప్యూటరే. దిశ ఏదైనా అది మారదు. ఇక దిశ చెప్పేదల్లా కనెక్షన్‌ను ముందుగా మొదలుపెట్టింది ఎవరన్నదే, డేటా ఎటు పోతోందన్నది కాదు. మీరు సినిమా చూస్తుంటే డేటా దాదాపు అంతా లోపలికే వస్తుంది, అయినా మొదలుపెట్టింది మీ కంప్యూటరే కాబట్టి అది అవుట్‌బౌండ్ (బయటికి వెళ్లే) కనెక్షనే. జవాబుగా వచ్చే ప్యాకెట్లకు (డేటా ముక్కలకు) విడిగా రూల్ అక్కర్లేదు.

కాబట్టి లోకల్ పోర్టు 3389, రిమోట్ అడ్రస్ 192.168.1.35 అని మార్చండి. రిమోట్ పోర్టును 'ఏదైనా' అని వదిలేయండి, ల్యాప్‌టాప్ తనవైపు పోర్టును అప్పటికప్పుడు ఎంచుకుంటుంది. విండోస్‌లో అది మామూలుగా 49152–65535 మధ్య ఉంటుంది. లోకల్ అడ్రస్ కూడా 'ఏదైనా' అనే ఉంచండి. నేను చూసే ఒక చిన్న ఆఫీసులో లోకల్ అడ్రస్ దగ్గర ఎవరో కంప్యూటర్ అడ్రస్ రాసిపెట్టారు. ఒకరోజు కరెంటు పోయి వచ్చాక రౌటర్ కొత్త అడ్రస్ ఇచ్చింది, షేర్ చేసిన ఫోల్డర్ ఎవరికీ తెరుచుకోలేదు. అందరూ కేబుల్‌ను అనుమానించారు! మీ ల్యాప్‌టాప్‌కూ ఇదే ముప్పు ఉంది, 35ను దానికే కేటాయించమని రౌటర్‌లో పెట్టండి.

అసలు కొత్త రూలే అవసరం లేదు. రిమోట్ డెస్క్‌టాప్ ఆన్ చేసినప్పుడే విండోస్ తన రూళ్లు తెరుస్తుంది. అవి అందరినీ అనుమతిస్తున్నంతకాలం మీరు పక్కన ఎంత కట్టుదిట్టమైన రూల్ రాసినా లాభం లేదు, అనుమతులు ఒకదానికొకటి కలుస్తాయే తప్ప తగ్గవు. ఆ పాత రూళ్లలోనే స్కోప్ ట్యాబ్‌కు వెళ్లి రిమోట్ అడ్రస్ ఇవ్వండి. 'మిగతా అందరికీ బ్లాక్' అని ఇంకో రూల్ మాత్రం రాయకండి. బ్లాక్ రూల్ అనుమతిని మించిపోతుంది, మీ ల్యాప్‌టాప్ కూడా బయటే నిలబడుతుంది.

లినక్స్‌లో ఐపీటేబుల్స్ అనే ఫైర్‌వాల్ వాడినవారికి ఈ తికమక మరీ ఎక్కువ, ఎందుకంటే అక్కడి సోర్స్ (పంపేది), డెస్టినేషన్ (అందుకునేది) ప్యాకెట్‌ను బట్టి మారతాయి. విచిత్రమేమిటంటే విండోస్ కూడా రూళ్లలో లోకల్, రిమోట్ అని, లాగ్ ఫైల్లో మాత్రం సోర్స్, డెస్టినేషన్ అని రాస్తుంది.

అప్పటికీ కనెక్ట్ కాకపోతే, ఆపేసిన ప్యాకెట్ల లాగింగ్ ఆన్ చేసి మళ్లీ ప్రయత్నించండి. సోర్స్ 35, డెస్టినేషన్ 20, డెస్టినేషన్ పోర్టు 3389 ఉన్న డ్రాప్ వరుస కనిపిస్తే తప్పు ఇంకా రూల్‌లోనే ఉంది. కనిపించకపోతే డెస్క్‌టాప్‌లో ఉన్నది విండోస్ హోమ్ ఎడిషనేమో చూడండి, దానిలోకి రిమోట్ డెస్క్‌టాప్‌తో ప్రవేశించడం కుదరదు.