చేపల బొమ్మలు వేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి కాకినాడలో ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతోంది. రికార్డులో బొమ్మలు బాగా వేస్తుందని లెక్చరర్లు మెచ్చుకుంటారు. నీట్ కోచింగ్‌కి పంపిస్తే నోట్సు అంచుల నిండా తాబేళ్లు, పీతలు గీసుకొస్తోంది. సముద్రం గురించి చదువుకుని, ఆ విషయాలు జనానికి బొమ్మల్లో చెప్పే పని చేస్తానంటోంది. బొమ్మలు కూడు పెట్టవని వాళ్ల నాన్నగారి వాదన. అసలు ఇలాంటి ఉద్యోగం ఉందా? ఏ కోర్సులో చేర్చాలి? నీట్ మానిపించేయాలా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, చేదు మాట ముందే చెప్పేస్తాను. 'సముద్ర జీవుల బొమ్మలు వేసేవారు కావలెను' అని పేపర్లో ప్రకటన పడదు. ఆ పేరుతో పోస్టు కోసం నోటిఫికేషన్లు వెతుకుతూ కూర్చుంటే వయసు మీద పడుతుంది. పని మాత్రం ఉంది, చేయించుకునేవాళ్లూ ఉన్నారు. కాకపోతే అది వేరే పోస్టుల్లోనో, ప్రాజెక్టుల్లోనో కలిసిపోయి ఉంటుంది. అందుకే మీ అమ్మాయి విషయంలో నా సలహా ఇది: డిగ్రీ సైన్సులో చేయించండి, బొమ్మని దానితో పాటే చేతిలో పెంచుకోనివ్వండి.

ఈ పని మన తీరానికి కొత్తేమీ కాదు. పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు విశాఖపట్నంలో ఉన్న రోజుల్లో, అక్కడ దొరికిన చేపల్ని సేకరించి ఇక్కడి చిత్రకారుడి చేత బొమ్మలు వేయించాడు. 200 చేపల బొమ్మలు, వర్ణనలతో ఆ పుస్తకం 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా అచ్చయింది. మన కానాగంత చేపకి 1816లో ఫ్రెంచి జంతుశాస్త్రవేత్త కూవియే శాస్త్రీయ నామం పెట్టినప్పుడు ఆధారం చేసుకున్నది ఆ పుస్తకంలోని బొమ్మనే. పుస్తకంలో ఇక్కడివాళ్లు పిలిచే పేరు 'కనగుర్త' అని ఉంటే దాన్నే ఉంచేశాడు. అంత దూరాన కూర్చున్న మనిషి ఒక బొమ్మని నమ్మి ఒక జాతికి పేరు పెట్టాడంటే, నమ్మడానికి తగ్గ వివరం ఆ బొమ్మలో ఉండబట్టే. దాన్ని గీసిన మన చిత్రకారుడి పేరు మాత్రం మిగల్లేదు. ఈ సంగతి డబ్బుల దగ్గరికి వచ్చినప్పుడు మళ్లీ చెబుతాను.

ఇంకో ఉదాహరణ మీవారికి చెప్పండి. అమెరికాలో మేరీ థార్ప్ అనే ఆవిడ మొదటి డిగ్రీ ఇంగ్లీషు, సంగీతం. తర్వాత భూగర్భశాస్త్రం చదివింది. అప్పట్లో పరిశోధన ఓడల్లోకి ఆడవాళ్లని ఎక్కనిచ్చేవారు కాదు. మగవాళ్లు కొలిచి తెచ్చిన లోతుల అంకెల్ని ఆవిడ ఒడ్డున కూర్చుని గీతలుగా మార్చేది. అలా గీస్తూంటే 1952లో అట్లాంటిక్ నడుమనున్న పర్వతాల వరసలో పొడుగునా ఒక లోయ బయటపడింది. సముద్రపు అడుగు విడిపోతోందనడానికి అది సాక్ష్యం. తోటి శాస్త్రవేత్త బ్రూస్ హీజెన్ మొదట ఆడపిల్లల కబుర్లని కొట్టిపారేశాడు, తర్వాత ఒప్పుకున్నాడు. ఆ ఇద్దరి లెక్కల మీద హైన్రిఖ్ బెరాన్ అనే ఆస్ట్రియా చిత్రకారుడు రంగులతో వేసిన హిందూ మహాసముద్రపు అడుగు పటాన్ని 1967లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక అచ్చు వేసింది. నీళ్లన్నీ తోడేస్తే అడుగున కొండలు, లోయలు ఎలా కనపడతాయో మామూలు జనం చూసింది అలాంటి పటాల్లోనే. థార్ప్‌కి భూగర్భశాస్త్రం రాకపోతే ఆ అంకెల్లో లోయ కనిపించేది కాదు.

ఇప్పుడు మీ అమ్మాయి సంగతి. కోర్సు గురించి ఆలోచించే ముందు ఈ ఆదివారం ఒక చిన్న పరీక్ష పెట్టండి. మార్కెట్ నుంచి తాజా కానాగంతలు తెప్పించండి. పులుసుకి పోను ఒకటి పాపకిచ్చి, 'ఉన్నది ఉన్నట్టు గీయమ్మా' అని రెండు గంటలు వదిలేయండి. ఇంకేం చెప్పకండి. తర్వాత బొమ్మని, చేపని పక్కపక్కన పెట్టి చూడండి. ఈ చేపకి రెండో వీపు రెక్క తర్వాత తోక దాకా బుల్లి రెక్కలు అయిదు ఉంటాయి, కింద వైపు కూడా అయిదు. మొప్ప వెనకున్న రెక్క దగ్గర, కింది అంచున ఒక నల్ల మచ్చ ఉంటుంది. ఆ అయిదూ అయిదూ సరిగ్గా పడ్డాయా? మచ్చ కనిపెట్టిందా? చచ్చిన చేపకి ముందు వీపు రెక్క ముడుచుకుని గాడిలోకి పోతుంది. దాన్ని గుండుసూదితో విప్పి ముళ్లు లెక్కపెట్టాలని తనంతట తనకే తోచిందా? రంగు వెలిసిపోకముందే రాసి పెట్టుకుందా?

ఇవన్నీ తోచిన పిల్ల సైన్సు బొమ్మల మనిషి. అలా కాకుండా చేపని ఒక మూలకి జరిపి, అల చుట్టి, రంగులు మార్చి, చూడగానే ఆగిపోయేలా పోస్టరు చేసిందనుకోండి, ఆ పిల్లది డిజైన్ బుర్ర. అదీ తక్కువేం కాదు, దారి మారుతుందంతే. (శాస్త్ర గ్రంథాల్లో చేప తల ఎడమవైపుకే ఉండేలా గీయడం ఆనవాయితీ. పరీక్ష అయ్యాక చెప్పండి, ముందే చెబితే మజా పోతుంది.)

సైన్సు అయితే రెండు దారులు. ఒకటి నాలుగేళ్ల బీఎఫ్‌ఎస్సీ, అంటే మత్స్యశాస్త్రం. నెల్లూరు దగ్గర ముత్తుకూరులో, తెలంగాణలో పెబ్బేరులో కాలేజీలున్నాయి. బైపీసీ వాళ్లకి ఈఏపీసెట్ ర్యాంకుతో సీటు వస్తుంది. రెండోది మామూలు డిగ్రీలో జువాలజీ గానీ ఆక్వాకల్చర్ గానీ ఉన్న బీఎస్సీ చేసి, ఆపైన సముద్ర జీవశాస్త్రంలో ఎమ్మెస్సీ. ఆంధ్ర విశ్వవిద్యాలయం మనకి దగ్గర. కాస్త దూరమైనా ఫర్వాలేదనుకుంటే కొచ్చిలో కుసాట్ (కొచ్చి శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయం), తమిళనాడులో అన్నామలై విశ్వవిద్యాలయం వారి పరంగిపేట కేంద్రం, గోవా విశ్వవిద్యాలయం, పోర్ట్‌బ్లెయిర్‌లో (ఇప్పటి పేరు శ్రీ విజయపురం) పాండిచ్చేరి విశ్వవిద్యాలయం వారి విభాగం ఉన్నాయి. పరంగిపేటలో నది, సముద్రం, మడ అడవి అన్నీ నడిచి వెళ్లే దూరంలో దొరుకుతాయి కాబట్టి గీసేవాళ్లకి అది బంగారం లాంటి చోటు.

డిజైన్ అయితే ఐఐటీల్లో డిజైన్ డిగ్రీకి యూసీడ్, ఎన్‌ఐడీలకి (జాతీయ డిజైన్ సంస్థలకి) డాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. హైదరాబాద్ ఐఐటీలో డిజైన్ విభాగం ఉంది, ఆంధ్రప్రదేశ్‌కి సొంత ఎన్‌ఐడీ ఉంది. హైదరాబాద్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ అనే లలిత కళల విశ్వవిద్యాలయంలో బీఎఫ్ఏ (చిత్రకళ లాంటి వాటిలో డిగ్రీ) కూడా చూడొచ్చు.

నాకు నచ్చేది మాత్రం బీఎఫ్‌ఎస్సీ చేసి, తర్వాత సీడ్ అనే ప్రవేశ పరీక్ష రాసి డిజైన్‌లో పీజీ చేయడం. సీడ్ పరీక్ష మూడేళ్ల డిగ్రీతోనూ రాయొచ్చు గానీ, సీటు ఇచ్చే దగ్గర కొన్ని సంస్థలు నాలుగేళ్ల డిగ్రీ అడుగుతాయి. అక్కడ బీఎఫ్‌ఎస్సీ అక్కరకొస్తుంది. పైగా లాబొరేటరీ, నమూనా సీసాలు, పడవ మీద ఫీల్డు ట్రిప్పు, తప్పు గీస్తే మొహమాటం లేకుండా చెప్పే ప్రొఫెసర్, ఇవన్నీ సైన్సు కాలేజీలో సీటుంటేనే దొరుకుతాయి. బొమ్మ అలా కాదు, సాయంత్రాలు ఇంట్లో కూర్చుని కూడా నేర్చుకోవచ్చు. చదువుతో పాటే కంప్యూటర్లో బొమ్మలకి క్రిటా, ఇంక్‌స్కేప్, పటాలకి క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్లు నేర్చుకోమనండి. మూడూ ఉచితమే.

పని ఎక్కడుందన్నారు. సముద్రం లేని హైదరాబాద్‌లోనే మొదలుపెడదాం. అక్కడి ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఉపగ్రహాలు చూసే నీటి ఉష్ణోగ్రతనీ, నాచు పచ్చదనాన్నీ బట్టి చేపలు ఎక్కడ గుమిగూడే వీలుందో లెక్కగట్టి, ఏ రేవు నుంచి ఏ దిక్కుకి, ఎంత దూరం, అక్కడ ఎంత లోతు అని మత్స్యకారులకి పంపుతుంది. ఎత్తైన అలలొస్తే, సునామీ వస్తే హెచ్చరించేదీ వాళ్లే. ఇదంతా చివరికి ఒక మనిషి చేతిలోని ఫోన్లో పటంగానో, నాలుగు అంకెలుగానో చేరాలి. మీటర్లలో లోతు చెబితే బారల్లో లెక్కేసుకునే సరంగుకి అది ఎంతసేపట్లో తలకెక్కుతుంది? మూడు మీటర్ల అల అన్న మాటని బొమ్మలో అతని పడవ పక్కన నిలబెట్టి చూపిస్తే? సైన్సూ బొమ్మా రెండూ తెలిసిన మనిషి అవసరపడేది ఇలాంటి చోటే.

మీరు కాకినాడలో ఉన్నారు కాబట్టి మీ అమ్మాయి దీన్ని ఇప్పుడే చేసి చూడొచ్చు. ఇన్‌కాయిస్ నుంచి ఏదో ఒక రోజు వచ్చిన సమాచారాన్ని తీసుకుని ఒకే కాగితం మీద తనకి తోచినట్టు గీయమనండి. పరీక్షలయ్యాక వాళ్ల నాన్నగారిని తోడు తీసుకుని జెట్టీ దగ్గరికి వెళ్లాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి బోట్లు ఒడ్డునే ఉంటాయి, వాళ్లకీ మాట్లాడే తీరిక ఉంటుంది. కాగితం ఒక సరంగు చేతికిచ్చి, ఏమీ వివరించకుండా, అతని వేలు ఎక్కడ ఆగిందో చూడాలి. వేలు ఆగిన చోట బొమ్మ మార్చాలి. డిజైన్ స్కూళ్లలో చెప్పే పాఠం ఇదే, మీకు ఆటో ఖర్చుతో అయిపోతుంది.

తాబేళ్లు గీస్తోందన్నారు కదా, దాని మీద ఒక మాట. మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చేది ఆలివ్ రిడ్లే. పోస్టర్లలో మాత్రం ఇంటర్నెట్‌లో దొరికిన పచ్చ తాబేలు ఫొటో పెట్టేస్తుంటారు. డిప్ప మీద నడిమి వరసకి అటూ ఇటూ ఉన్న పలకలు లెక్కపెడితే తెలిసిపోతుంది. పచ్చ తాబేలుకి ఒక్కో పక్క నాలుగే, ఆలివ్ రిడ్లేకి సాధారణంగా ఆరు, అంతకంటే ఎక్కువ. మీ అమ్మాయి నోట్సులో తాబేలుకి ఎన్ని ఉన్నాయో నాకు చూడాలనుంది.

పని ఇచ్చేవాళ్లలో పరిశోధన సంస్థలు ఒక రకం: విశాఖలోనే జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం, సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి. బెంగళూరు దక్షిణ్ ఫౌండేషన్, మైసూరు నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ లాంటి స్వచ్ఛంద సంస్థలు, పిల్లల పుస్తకాల ప్రచురణకర్తలు, అటవీశాఖ సందర్శక కేంద్రాలు ఇంకో రకం. అందరూ అడిగేది పోర్ట్‌ఫోలియోనే, అంటే తను వేసిన మంచి బొమ్మల సంకలనం. పది పన్నెండు బొమ్మలు చాలు. ప్రతిదాని మీదా ఎక్కడ, ఎప్పుడు చూసి గీసిందో, అసలు సైజు ఎంతో ఉండాలి. కోరింగ మడ అడవి మీ పక్కనే ఉంది. పోటుకీ పాటుకీ మడచెట్టు ఊపిరి వేళ్ల దగ్గర ఏమేం మారుతుందో ఒకే బొమ్మలో చూపిస్తే, అది పది సీనరీల పెట్టు.

డబ్బుల సంగతి దాచను. బొమ్మల మీదే నెల జీతం ఇచ్చే చోట్లు మన దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టాలి. ఎక్కువమంది ప్రాజెక్టు పోస్టులోనో, పీహెచ్‌డీలోనో, పాఠాలు చెబుతూనో ఉండి, బొమ్మలు విడిగా చేస్తారు. పీజీ తర్వాత రాసే నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) తెచ్చుకుంటే 2023 నుంచి నెలకి రూ. 37,000 ఫెలోషిప్, ఇంటి అద్దె భత్యం విడిగా. సైన్సు డిగ్రీ ముందు పెట్టుకోమనడానికి ఇదీ ఒక కారణం, మీవారి భయానికి ఇదే జవాబు. విడిగా చేసే బొమ్మకి మాత్రం మొదటి రోజు నుంచే రెండు విషయాలు కాగితం మీద ఉండాలి. బొమ్మ పక్కన తన పేరు వేయాలి, ఒక్కసారి వాడుకోవడానికి ఇస్తోందా హక్కులన్నీ ఇచ్చేస్తోందా తేలాలి. రస్సెల్ చిత్రకారుడి పేరు పోయింది, మీ పాప పేరు పోనక్కర్లేదు.

ఏఐ వచ్చాక ఈ బొమ్మలు ఎవరికి కావాలని మీకు టెన్షన్ ఉండొచ్చు. అందంగా ఉంటే చాలనే పనుల్లో దెబ్బ తగులుతోంది, నిజమే. సైన్సులో అలా కుదరదు. 2024లో ఏఐతో వేయించిన ఒక ఎలుక బొమ్మ, అర్థం లేని పేర్లతో సహా ఒక శాస్త్ర పత్రికలో అచ్చయిపోయింది. లోకమంతా నవ్వాక ఆ పేపరునే వెనక్కి తీసుకున్నారు. అయిదు బుల్లి రెక్కల చోట ఏడు పడ్డాయని పట్టుకోగలిగే కన్ను ఉన్నవాళ్ల అవసరం తీరదు.

ఇక నీట్. ఫీజు కట్టేశారు, సిలబస్ సగం పైన అయ్యే ఉంటుంది. రాయనివ్వండి. అయితే ఇంట్లో నీట్ కంటే ఈఏపీసెట్‌ని పెద్ద పరీక్షగా చూడండి, బీఎఫ్‌ఎస్సీ సీటు దాని మీదే ఉంది. ర్యాంకు రాలేదని లాంగ్‌టర్మ్‌కి మాత్రం పంపకండి. ఇష్టం లేని పిల్లకి ఆ ఏడాది వృథా. ఆ ఫీజులో కొంత పక్కన పెట్టి, కాలేజీ మొదటి సంవత్సరం గడిచాక కూడా ఇదే మాట మీద ఉంటే ఒక స్టీరియో మైక్రోస్కోపు కొనిపెట్టండి. ఇప్పటికి హెచ్‌బీ, 2హెచ్ పెన్సిళ్లు, ఒక 0.1 పెన్ను, గీతల్లేని నోటుబుక్కు చాలు.