ఫ్యామిలీ కారు కొనే ముందు, వెనక సీట్లో కూర్చునేవాళ్లని షోరూమ్‌కి తీసుకెళ్లండి

మీ ప్రశ్న చదువుతుంటే మా ఇల్లే కళ్ల ముందు కనిపించింది. మీరిద్దరు, ఏడేళ్ల పాప, రెండేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులున్న అమ్మగారు. ఉండేది హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్, రెండు నెలలకోసారి విజయవాడ హైవే మీద ఊరి ప్రయాణం, అన్నీ కలిపి 12 లక్షల బడ్జెట్. మైలేజీ, సన్‌రూఫ్, పెద్ద టచ్‌స్క్రీన్, ఈ మూడింటిలో దేన్ని ముందు చూడాలని అడిగారు. ఆ మూడింటినీ కాసేపు పక్కన పెట్టమని నా మనవి. ముందుగా మీ అమ్మగారు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఏ బండి ఎక్కి దిగగలరో చూడండి. మిగతావన్నీ దాని తర్వాతే.

మేము మొదటి కారు 2016లో కొన్నాం. సెడాన్, అంటే వెనక డిక్కీ విడిగా పొడుచుకుని ఉండే రకం. మావారు నడిపి చూశారు, నేను ముందు సీట్లో కూర్చుని చూశాను, మా బాబుకి రంగు నచ్చింది, అదే రోజు బుక్ చేసేశాం. ఆ రోజు అత్తయ్య కూడా షోరూమ్‌కి వచ్చారు. ఆవిడని సోఫాలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. బండిలో కూర్చుని చూడమని వాళ్లూ అనలేదు, మేమూ అనలేదు. ఆ సంగతి ఇప్పుడు తలుచుకున్నా మనసు చివుక్కుమంటుంది.

నెల తిరక్కుండానే మా ఊరు బయల్దేరాం. మాది నందిగామ దగ్గర. సూర్యాపేటలో టిఫిన్‌కి ఆగాం. మేం దిగి చేతులు కడుక్కుని వచ్చేసరికి అత్తయ్య ఇంకా కార్లోనే ఉన్నారు. ఒక కాలు నేల మీద, ఇంకో కాలు లోపల. సీటు పల్లంగా ఉండటంతో మోకాళ్లు నడుము కన్నా ఎత్తులో ఉన్నాయి. కుడిచేత్తో డోర్ పై అంచు పట్టుకుని, ఎడమచేత్తో ముందు సీటు వీపు పట్టుకుని లేవబోతున్నారు. చీర కుచ్చిళ్లు డోర్ గడపకి చుట్టుకున్నాయి. తల పైన తగులుతుందని మెడ వంచుకుని మళ్లీ వెనక్కి కూర్చుండిపోయారు. "మీరు తినేసి రండమ్మా, నాకు ఆకలిగా లేదులే" అన్నారు. పొద్దున ఆరింటికి ఇంట్లో కాఫీ తాగి బయల్దేరిన మనిషికి పదింటికి ఆకలి లేకుండా ఉంటుందా? ఆ తర్వాత ఆవిడ దారిలో మంచినీళ్లు తాగడం కూడా తగ్గించేశారు, బాత్రూమ్‌కి దిగాల్సి వస్తుందని. ఇంకొన్నాళ్లకి "మీరు వెళ్లి రండి, నేను ఇల్లు చూసుకుంటాను" అనడం మొదలుపెట్టారు. ఊరంటే ప్రాణం ఆవిడకి. మేం కొన్న కారే ఆవిడని ఊరికి దూరం చేసింది.

అందుకే 2024లో రెండో కారు కొనేటప్పుడు చేతిసంచిలో కొలత టేపు పెట్టుకుని తిరిగాను. ఇంట్లో అత్తయ్య ఇబ్బంది లేకుండా లేచేది మంచం మీద నుంచి. దాని ఎత్తు 24 అంగుళాలు. భోజనాల బల్ల దగ్గరి కుర్చీ 18, దాని మీద నుంచి లేవాలంటే చెయ్యి ఊతం కావాలి. మా పాత కారు వెనక సీటు అంచు నేల నుంచి కొలిస్తే 19 వచ్చింది. అప్పుడు అర్థమైంది అసలు విషయం. పెద్ద ఎస్‌యూవీ ఒకటి చూశాం, దానిది 30 అంగుళాలు. దిగడం తేలికే కానీ ఎక్కడానికి ఆవిడకి పీట కావాలి. చివరికి 25 అంగుళాలున్న బండి కుదిరింది. వెనక్కి తిరిగి కూర్చుని, కాళ్లు రెండూ లోపలికి తిప్పుకుంటే చాలు. బండి పేరు చెప్పడం లేదు, మీ అమ్మగారి ఎత్తు వేరు, మోకాళ్ల పరిస్థితి వేరు కాబట్టి. వ్యాగన్ఆర్ లాంటి ఎత్తైన హ్యాచ్‌బ్యాక్‌లని (విడిగా డిక్కీ లేని చిన్న కార్లని) పెద్దవాళ్లు ఇష్టపడేది ఈ ఎత్తు కోసమే. ఆ తరహావి, చిన్న ఎస్‌యూవీలు, రెండు రకాలూ చూడండి.

సీటు ఎత్తుతో పాటు ఇంకో మూడు ఉన్నాయి. వెనక డోర్ ఎంత వెడల్పుగా తెరుచుకుంటుంది, కింద గడప ఎంత ఎత్తుంది, పైన పట్టుకోవడానికి హ్యాండిల్ ఉందా. కొన్ని మోడళ్లలో, ముఖ్యంగా తక్కువ ధర వేరియంట్లలో, ఆ హ్యాండిల్ ఇవ్వడం లేదు. పెద్దవాళ్లకి అది లేకపోతే చాలా కష్టం.

ఇక మీ బాబు సంగతి. దయచేసి ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దు. నేను కూర్చోబెట్టుకున్నాను కాబట్టి చెబుతున్నాను. మా పాపకి అప్పుడు ఏడాదిన్నర. ముందు సీట్లో నా ఒళ్లో నిద్రపోతోంది. మునగాల దాటాక ఒక గేదె డివైడర్ మీద నుంచి రోడ్డు మీదికి దిగింది. మావారు బ్రేక్ వేశారు. గుద్దుకోలేదు, బండికి గీత కూడా పడలేదు. కానీ పాప నా చేతుల్లోంచి జారి డ్యాష్‌బోర్డుకి కొట్టుకుంది. నుదుటి మీద నిమ్మకాయంత బొడిపె కట్టింది. తనని రెండు చేతులతో గట్టిగా పట్టుకునే ఉన్నాను. ఒక్క బ్రేక్‌కే ఆ పట్టు ఆగలేదు. కోదాడలో డాక్టర్‌కి చూపించి, భయం లేదని చెప్పేదాకా నా కాళ్లలో వణుకు తగ్గలేదు. ఆ మర్నాడే చైల్డ్ సీట్, అంటే కారు సీటుకి బిగించి పిల్లల్ని బెల్టుతో కట్టి కూర్చోబెట్టే చిన్న సీటు, ఆర్డర్ పెట్టాం. చట్టం కూడా ఇదే చెబుతోంది. 14 ఏళ్ల లోపు పిల్లలకి బెల్టు కానీ చైల్డ్ సీట్ కానీ లేకపోతే 1000 రూపాయల ఫైన్. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు ఇది చేర్చారు. ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీట్లో, వెనక్కి తిరిగి ఉండే చైల్డ్ సీట్ ఎప్పుడూ పెట్టకండి. ఆ బ్యాగ్ తెరుచుకునే వేగానికి పసిపిల్లలకి ప్రాణాపాయం.

కాబట్టి వెనక సీట్లో ఐసోఫిక్స్ కడ్డీలు ఉన్నాయా లేదా అన్నది చూడండి. అంటే చైల్డ్ సీట్ తగిలించడానికి సీటు వీపుకీ కూర్చునే భాగానికీ మధ్య సందులో ఉండే ఇనుప కడ్డీలు. "ఉందండీ" అని సేల్స్ అబ్బాయి అంటే సరిపోదు, వేళ్లు పెట్టి తడిమి చూడండి. కొన్నిట్లో అవి ఎంత లోతులో ఉంటాయంటే, సీటు తగిలించడానికి అరగంట పడుతుంది. మీకు చైల్డ్ సీట్ ఇప్పటికే ఉంటే షోరూమ్‌కి పట్టుకెళ్లి బిగించి చూడండి. ఎందుకంటే అసలు చిక్కు అక్కడే ఉంది. చైల్డ్ సీట్, పక్కన పాప, అటు చివర అమ్మగారు, వెనక ముగ్గురూ పట్టాలి. బ్రోచర్‌లో ఐదుగురి సీటింగ్ అని రాసినవన్నీ ఈ పరీక్షకి నిలబడవు. మేం చూసిన వాటిలో రెండు కార్లలో చైల్డ్ సీట్ పెట్టాక మధ్యలో కూర్చున్న బాబు బెల్టు పెట్టుకోవడానికి చెయ్యే దూరలేదు. మధ్య సీటుకి కూడా భుజం మీదుగా వచ్చే బెల్టు ఉందో లేదో, తల ఆనించుకునే హెడ్‌రెస్ట్ ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి.

క్రాష్ టెస్ట్ రేటింగ్ గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను. 2023 అక్టోబర్ నుంచి మన దేశంలోనే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు జరుగుతున్నాయి. అందులో పెద్దవాళ్ల భద్రతకి 32 మార్కులకి, పిల్లల భద్రతకి 49 మార్కులకి వేరువేరుగా లెక్క వేస్తారు. ప్రకటనల్లో పైకి కనిపించేది నక్షత్రాలే. మీ ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు కాబట్టి ఆ రెండో అంకె వెతికి చూడండి. కంపెనీలు తమంతట తాముగా పంపితే జరిగే పరీక్ష కాబట్టి అన్ని కార్లకీ రేటింగ్ ఉండదు. ఆరు ఎయిర్‌బ్యాగ్‌లుంటే మంచిదే, కానీ వెనక కూర్చున్నవాళ్లు బెల్టు పెట్టుకోకపోతే వాటివల్ల దక్కేది తక్కువ. మా అత్తయ్యకి బెల్టు అలవాటు చేయడానికి రెండు ట్రిప్పులు పట్టింది.

సన్‌రూఫ్ మాటకొస్తే, నేనైతే వద్దంటాను. రోహిణి కార్తెలో చిట్యాల దాటాక నడినెత్తిన ఎండ పడుతుంటే అద్దం పైకప్పు కింద కూర్చోవడం ఎవరికి హాయి? కింది తెర వేసినా వేడి తెలుస్తూనే ఉంటుంది. పిల్లలు తల బయటికి పెడతామని గోల చేస్తారు, అది మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఒప్పుకోకూడదు. దానికోసం పెట్టే డబ్బుతో వెనక ఏసీ వెంట్లు, వెనక కెమెరా, వెనక అద్దానికి వైపర్, మంచు తెర పోగొట్టే డీఫాగర్ ఉన్న వేరియంట్ వస్తుందేమో చూడండి. వెనక ఏసీ వెంట్లు మన ఎండలకి తప్పనిసరి అనే నా అభిప్రాయం. పాత కారులో అవి లేక, ముందు మేం చలికి ముడుచుకుంటుంటే వెనక అత్తయ్య పమిటతో విసురుకునేవారు. టచ్‌స్క్రీన్ ఎంత పెద్దదైనా ఫర్వాలేదు, ఏసీ తగ్గించడానికి మాత్రం చేత్తో తిప్పే నాబ్ ఉండాలి. రోడ్డు మీద నుంచి కళ్లు తిప్పకుండా పని జరిగిపోతుంది.

డిక్కీని లీటర్లలో చూడకండి, బియ్యం బస్తాల్లో చూడండి. ఊరి నుంచి వచ్చేటప్పుడు మా బండిలో 25 కిలోల బస్తాలు రెండు, వేసవైతే మామిడికాయల బుట్ట, ఆవకాయ జాడీ, మునక్కాయల కట్ట, వీటన్నిటి మీద బట్టల బ్యాగులు. సెడాన్ డిక్కీ లోపల పెద్దదే కానీ నోరు ఇరుకు. బస్తాని అడ్డంగా తోయాల్సి వచ్చేది, జాడీ నిలబెడితే మూత తగిలేది. సీఎన్‌జీ తీసుకుందామనుకుంటే సిలిండర్ పెట్టాక మిగిలే చోటు కళ్లారా చూశాకే నిర్ణయించుకోండి. ఏడు సీట్ల బండి తీసుకోమని మీకు చాలామంది చెబుతారు. ఎర్టిగా మంచి బండే, కానీ మూడో వరస సీట్లు లేపి ఉంచితే డిక్కీ 209 లీటర్లే. పైగా ఆ మూడో వరసలోకి మీ అమ్మగారు వెళ్లలేరు. మీరు ఐదుగురే కాబట్టి ఏడాదికి రెండుసార్లు వచ్చే చుట్టాల కోసం అంత బండి అక్కర్లేదు.

పూర్తిగా మనుషులు, సామాను ఎక్కాక బండి కిందికి దిగుతుంది. ఖాళీ బండి గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకీ బండి అడుగుకీ మధ్య ఎత్తు) చూసి మురిసిపోతే ఊళ్లో స్పీడ్ బ్రేకర్ల దగ్గర అడుగు గీసుకుంటుంది. టెస్ట్ డ్రైవ్‌కి ఇంటిల్లిపాదీ వెళ్లండి, ఐదుగురూ కూర్చుని ఒక ఎత్తైన స్పీడ్ బ్రేకర్ దాటించండి. ఆ బండినే మీ అపార్ట్‌మెంట్‌కి తెప్పించి సెల్లార్ ర్యాంప్ ఎక్కించి, మీ స్థలంలో పార్క్ చేసి వెనక డోర్ తీయండి. మా స్థలం రెండు స్తంభాల మధ్య ఉంది. పాత కారు పెడితే వెనక డోర్ జానెడు తెరుచుకునేది, అత్తయ్య గేటు దాకా నడిచి అక్కడ ఎక్కాల్సి వచ్చేది. ఇంటికి బండి పంపమంటే కొన్ని షోరూమ్‌లు నసుగుతాయి. గట్టిగా అడిగితే పంపుతారు.

గేర్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. ట్రాఫిక్‌లో రోజూ నడిపేటట్టయితే ఆటోమేటిక్ సుఖం. తక్కువ ధరలో దొరికే ఆటోమేటిక్ రకం ఏఎంటీ, గేరు మారేటప్పుడు చిన్న కుదుపు ఇస్తుంది, వాలు మీద ఆగి కదిలేటప్పుడు వెనక్కి జారకుండా హిల్ హోల్డ్ ఉండాలి. నెలకి వెయ్యి కిలోమీటర్లు కూడా తిరగని ఇంటికి డీజిల్ అనవసరం.

డబ్బు లెక్కలో ఒకటి గుర్తుపెట్టుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి పొడవు 4 మీటర్లు, పెట్రోల్ ఇంజిన్ 1200 సీసీ దాటని కార్లకి జీఎస్టీ 18 శాతం. ఆ హద్దు దాటితే 40 శాతం. మీ బడ్జెట్‌లో ఈ హద్దు లోపలి బళ్లలో మంచి వేరియంటే వస్తుంది, మీ సెల్లార్‌కి కూడా అదే నయం. ఎక్స్‌షోరూమ్ ధర, అంటే రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కలపని ధర చూసి లెక్క వేసుకోకండి, లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కలిపితే అంకె బాగా పెరుగుతుంది. ఇన్సూరెన్స్ షోరూమ్‌లోనే తీసుకోవాలన్న రూలు లేదు. బయట కోట్ తెచ్చుకుని చూపిస్తే మాకు వాళ్లే తగ్గించారు. సర్వీస్ సెంటర్ హైదరాబాద్‌లో ఎలాగూ ఉంటుంది, మీ ఊరికి దగ్గరలో ఉందో లేదో కనుక్కోండి.

డెలివరీకి ముందు రోజు పగటిపూట వెళ్లి బండి చూసుకోండి. టైరు పక్కగోడ మీద చివర నాలుగంకెలుంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. మాకు చూపించిన బండికి ఒక టైరు మిగతా మూడింటికన్నా ఏడాది పాతది. అడిగితే మార్చి ఇచ్చారు. స్టెప్నీ, జాకీ, పానా ఉన్నాయో లేదో కూడా అప్పుడే చూడండి. కొన్నిట్లో స్టెప్నీ బదులు పంక్చర్ కిట్టే ఇస్తున్నారు.

మీ అమ్మగారు దేని మీద నుంచి తేలిగ్గా లేస్తారో ఆ ఎత్తు కొలిచి, చూసిన బళ్ల పేర్లతో పాటు కింద రాయండి. మా ఇంట్లో కుదిరినదానితో పోల్చి చెబుతాను.