పొదుపు ముట్టుకోలేదు సరే, వాయిదా ఆగుతుందా?

ప్రశ్న: నా గేమింగ్ కంప్యూటర్ 2017లో కొన్నది. ఏడో తరం ఐ5 ప్రాసెసర్, జీటీఎక్స్ 1060 గ్రాఫిక్స్ కార్డు, 8 జీబీ ర్యామ్, హార్డ్ డిస్క్. కొత్త గేములు ఆగి ఆగి నడుస్తున్నాయి. వేడెక్కుతోందని పక్క ప్యానెల్ తీసేసి, టేబుల్ ఫ్యాన్ పెట్టుకుని ఆడుతున్నాను. కొత్తది కొనాలంటే మూడు నెలల జీతం అవుతుంది. ఫోన్ వాయిదాతో కలిపి నెల ఖర్చులకు జీతంలో 70 శాతం పోతుంది. బ్యాంకులో నెలన్నర జీతం దాచాను. దాన్ని ముట్టుకోకుండా 12 నెలల నో కాస్ట్ ఈఎంఐలో తీసుకుంటే సేఫే కదా?

సమాధానం: కాదు. మీ ప్రశ్నకు జవాబు రాయడానికి కారణం ఆ కంప్యూటర్ కాదు, ‘ముట్టుకోకుండా’ అన్న మాట. ఈ మాట నేను తరచూ వింటుంటాను. పొదుపు ఖాతాలో అంకె తగ్గకపోతే డబ్బు భద్రంగా ఉన్నట్టేనని చాలామంది అనుకుంటారు.

లెక్క వేసి చూడండి. ఈ రోజు ఉద్యోగం పోతే మీ దగ్గరున్న నెలన్నర జీతం ఇప్పటి ఖర్చులకు 64 రోజులు వస్తుంది. మూడు నెలల జీతాన్ని 12 వాయిదాలు చేస్తే నెలకు జీతంలో 25 శాతం. అంటే ఖర్చు 70 నుంచి 95 శాతానికి చేరుతుంది. అదే డబ్బు ఇప్పుడు 47 రోజులే వస్తుంది. మీరు రూపాయి కూడా తీయలేదు, అయినా అత్యవసర నిధిలో 17 రోజులు కరిగిపోయాయి. పైగా మిగిలే 5 శాతంతో ఒక పన్ను నొప్పి వచ్చినా క్రెడిట్ కార్డు గీకాల్సిందే. కార్డు వడ్డీ నెలకు 3 శాతం అని రాసి ఉంటే చిన్నగానే కనిపిస్తుంది. చక్రవడ్డీతో అది ఏడాదికి 42 శాతం దాటుతుంది. సరదాకి ఆడే గేముల కోసం ఈ ఊబి దాకా వెళ్లడమెందుకు? ‘నో కాస్ట్’ అన్న పేరు చూసి మురిసిపోకండి. ప్రాసెసింగ్ ఫీజు ఎంతో, మొత్తం ఒకేసారి కడితే ఇచ్చే డిస్కౌంట్ ఎంత వదులుకుంటున్నారో ఒకసారి అడగండి.

మీకు ఆరు నెలల ఖర్చులంత నిధి కావాలి, అంటే 4.2 నెలల జీతం. ఇందులో నేను బేరం ఒప్పుకోను. ఇప్పుడు నెలకు 30 శాతం మిగులుతోంది కదా. మొదటి రెండు నెలలు అంతా నిధికే వేయండి, మూడు నెలల ఖర్చులు సమకూరతాయి. ఆ తర్వాత సగం నిధికి, సగం కంప్యూటర్‌కి. నిధి నిండాక మొత్తం కంప్యూటర్‌కే. 19 నెలల్లో నిధి నిండుతుంది, కంప్యూటర్ నగదుతో వస్తుంది. ఈఎంఐలో కొని, ఆ తర్వాత నిధి కూడబెట్టినా పట్టేది అవే 19 నెలలు! తేడా ఏమిటంటే, మధ్యలో జీతం ఆగిపోతే కంప్యూటర్ కోసం దాచిన డబ్బు ఇంటి అద్దెకు పనికొస్తుంది. వాయిదా మాత్రం మీ కష్టం చూసి ఆగదు. నేనూ ఒకసారి ల్యాప్‌టాప్ వాయిదాలు ఏడు మిగిలి ఉండగా ఉద్యోగం పోగొట్టుకున్నాను. ప్రతి నెలా ఐదో తారీఖు వస్తోందంటే ఎంత టెన్షనో నాకు తెలుసు.

ఈలోగా ప్యానెల్ ఎటూ తీసే ఉంది కాబట్టి ముందు దుమ్ము దులపండి, ప్రాసెసర్ వేడిని బయటికి పంపే థర్మల్ పేస్ట్ మార్పించండి. హార్డ్ డిస్క్ బదులు దానికంటే వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ, ఇంకో 8 జీబీ ర్యామ్ నెల మిగులులోంచే ఒక్కొక్కటిగా కొనుక్కోవచ్చు. గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే మార్చాలన్న ఆలోచన వద్దు. నాలుగు కోర్ల పాత ప్రాసెసర్ దాన్ని వెనక్కి లాగుతుంది. ప్రాసెసర్ మారుద్దామంటే కొత్తవి ఆ మదర్‌బోర్డులో కూర్చోవు, బోర్డు మారిస్తే చాలాసార్లు ర్యామ్ కూడా మార్చాలి. తీగ లాగితే డొంకంతా కదులుతుంది. సెకండ్ హ్యాండ్‌లో మొత్తం సెట్ దొరికితే చూడండి, అదీ నగదుతోనే.

కొత్తది కొనాలనడానికి మీ వైపు ఒక న్యాయమైన వాదన ఉంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, మీ ప్రాసెసర్ విండోస్ 11 అధికారిక జాబితాలో లేదు. అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లకు నమోదు చేసుకున్నా అవి 2026 అక్టోబర్ 13 వరకే. కాబట్టి బ్యాంకు పనులు ఆ మెషీన్‌లో పెట్టుకోకండి. గేములకు, అదీ ఆన్‌లైన్ అవసరం లేనివాటికి, ఉంచుకోండి.

ఆరోగ్య బీమా గురించి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. ఆఫీసు ఇచ్చిందే ఉంటే, అది ఉద్యోగంతో పాటే పోతుంది. సొంతంగా ఒకటి తీసుకోండి, ప్రీమియాన్ని కంప్యూటర్ వాటాలోంచి కట్టండి. 19 నెలలు కాస్తా 21 అయితే అవనివ్వండి.